వేదిక మీద 312 పేర్లు చదవాలి, పరువు దక్కే దారి చెప్పండి

మైకు మేష్టారు (మంగళవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఒక ఇంజనీరింగు కళాశాలలో పాఠాలు చెబుతాను. గొంతు బాగుంటుందని ఎవరో అన్న పాపానికి, ఏటా పట్టాలిచ్చే రోజున పేర్లు చదివే పని నా నెత్తిన పడుతోంది. ఈసారి 312 మంది. వచ్చే శనివారమే వేడుక.

నిరుడు జరిగింది చెబుతాను. జాబితాలో ఒక తమిళ అమ్మాయి పేరు. ఇంగ్లీషులో ఇ, జెడ్, హెచ్, ఐ, ఎల్ అని మొదలవుతుంది. నేను ఖంగుమనే గొంతుతో "ఎజిలరసి" అన్నాను. ఆ పిల్ల మెట్ల దగ్గరే ఉంది, కానీ కదలలేదు. వెనకనున్న స్నేహితురాలు మోచేత్తో పొడిచాక ఉలిక్కిపడి గబగబా వచ్చింది. పట్టా అందుకుని వెళ్తూ నా వైపు చూసి నవ్వింది. కోపగించుకున్నా బాగుండేది. నాలుగేళ్ళు మా దగ్గర చదివిన పిల్ల, తన పేరు పిలిస్తే ఇంకెవరినో పిలుస్తున్నారనుకుంది.

ఈసారి జాబితాలో తమిళులు, మలయాళీలు, మరాఠీలు, బెంగాలీలు, ఒక అస్సామీ అబ్బాయి, ఇద్దరు ఇథియోపియా విద్యార్థులు, ఒక వియత్నాం అబ్బాయి ఉన్నారు. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఇచ్చారు. ముగ్గురు అమ్మాయిల పేర్లు మరీ వింతగా ఉన్నాయి. మూడూ "ప్ర"తోనే మొదలు. తర్వాత ఒకరికి జె-ఎన్, ఇంకొకరికి జి-వై, మూడో అమ్మాయికి డి-ఎన్-వై. ప్రజ్న, ప్రగ్య, ప్రద్న్య అని రాత్రి అద్దం ముందు నిలబడి వల్లె వేస్తుంటే, ఈ మంత్రాలు ఎక్కడివని మా ఆవిడ అడిగింది.

తెలిసినవాళ్ళు కాస్త దారి చూపండి.

కొచ్చిలో పదకొండేళ్ళు (మంగళవారం, రాత్రి 10:15)

మేష్టారూ, ఆ జెడ్-హెచ్ దగ్గర తెలుగువాళ్ళం అందరం బోల్తా పడతాం. కేరళలో నా మొదటి వారం. బస్టాండులో "అలప్పుజా బస్సు ఎక్కడ?" అని అడిగాను. కండక్టరు నన్ను ఎగాదిగా చూసి, జేబులోంచి కాగితం తీసి రాయమన్నాడు. రాశాక చదివి, "ఓ, ఆలప్పుఴ!" అన్నాడు. ఆ చివరి అక్షరం విని నేను మళ్ళీ ఆయన నోటి వంక చూశాను.

అది జ కాదు. జ కుటుంబానికి దూరపు చుట్టం కూడా కాదు. ళకు దగ్గరి బంధువు. ఆ ధ్వనికి ఇంగ్లీషులో అక్షరం లేక ఏదో ఒకటి పెట్టాలని జెడ్-హెచ్ పెట్టారు. మనం దాన్ని హిందీ జెడ్ అనుకుని చదువుతున్నాం. తమాషా ఏమిటంటే ఒకప్పుడు ఇది మన అక్షరమే. కడప ప్రాంతంలోని రేనాటి చోళుల శాసనాల్లో కనిపిస్తుంది. తర్వాత మన నోట చాలాచోట్ల డ అయిపోయింది. వాళ్ళ కోఴి మన కోడి, వాళ్ళ ఏఴు మన ఏడు. చోఴులు మన దగ్గరికి వచ్చి చోడులయ్యారు. 2014లో యూనికోడ్‌లో మళ్ళీ తెలుగు అక్షరంగా చేరింది. ఇదిగో: ఴ.

మీరు "ఎళిలరసి" అన్నా సరిపోయేది. ఎఴిల్ అంటే అందం, అరసి అంటే రాణి. ఎజిల్ అంటే ఏమీ లేదు.

ఇంకొకటి. మలయాళీల పేర్లలో ఎన్-జె కనిపిస్తే చాలాసార్లు అది ఞ్ఞ. తిరువనంతపురం దగ్గరి కొత్త రేవును మన టీవీల్లో "విజింజం" అంటారు. మలయాళంలో అది విఴిఞ్ఞం. ఒక్క పేరులో రెండు తప్పులు. అఆలు దిద్దినప్పుడు ఞ ఎందుకు నేర్పారా అని అనుకున్నవాళ్ళకు ఇదీ జవాబు.

కొత్తగా చేరాను (మంగళవారం, రాత్రి 10:22)

మీరు చూపిన ఆ అక్షరం నా ఫోనులో చిన్న డబ్బాలా కనిపిస్తోంది.

కొచ్చిలో పదకొండేళ్ళు (మంగళవారం, రాత్రి 10:24)

వెయ్యేళ్ళ తర్వాత తిరిగొచ్చింది కదండీ. ఇల్లు వెతుక్కోవడానికి కొంత సమయం పడుతుంది.

ఛందోబద్ధం (మంగళవారం, రాత్రి 11:05)

మేష్టారు గారూ, ఆ ముగ్గురు అమ్మాయిలదీ ఒకే పేరు. ప్రజ్ఞ. జ, ఞ కలిసిన సంయుక్తాక్షరం. హిందీవాళ్ళు దాన్ని "గ్య" చేశారు, మరాఠీవాళ్ళు "ద్న్య" చేశారు. ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసుకున్నారు. మీరు తెలుగువారు, అధ్యాపకులు. మూడు చోట్లా స్వచ్ఛంగా "ప్రజ్ఞ" అని చదవండి. తప్పును గౌరవించాల్సిన అవసరం లేదు.

పుణె మజిలీ (బుధవారం, ఉదయం 6:50)

ఛందోబద్ధం గారూ, పొద్దున్నే నమస్కారం. మీరు ప్రజ్ఞను ఎలా పలుకుతారు? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. జ్, ఆ వెంటనే ఞ అంటున్నారా, లేక అందరిలాగా "ప్రగ్న్య" అంటున్నారా? మన "గ్న్య" కూడా మూలానికి అంతే దూరం. మన తప్పుకు అలవాటు పడ్డాం కాబట్టి అది స్వచ్ఛంగా వినిపిస్తోంది.

నేను పుణెలో ఉంటాను. ఇక్కడ జ్ఞానేశ్వరుణ్ణి ద్న్యానేశ్వర్ అంటారు. ఏడు వందల ఏళ్ళ నాటి భక్త కవి, ఇంటింటా పూజ్యుడు. ఆయన పేరును మీరూ నేనూ దిద్దగలమా? మా పక్కింటి ప్రద్న్యాను "ప్రజ్ఞా" అని పిలిస్తే పలుకుతుంది, మర్యాదస్తురాలు కాబట్టి. తన పేరు మాత్రం అది కాదు.

మరాఠీ పేర్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి. మన దేశంలో అందరికీ తెలిసిన క్రికెటర్ ఇంటి పేరు మరాఠీలో "తెండుల్‌కర్". మొదటిది త, తర్వాతిది డ. తెలుగులో ఇన్నేళ్ళుగా "టెండూల్కర్" అని రాస్తున్నాం. మనకు త ఉంది, వాళ్ళకు త ఉంది. మధ్యలో ట ఎక్కడి నుంచి ఊడిపడింది?

డెస్కులో రాత్రులు (బుధవారం, మధ్యాహ్నం 1:30)

ఎక్కడి నుంచి ఊడిపడిందో నేను చెబుతాను, ఊడిపడేది మా బల్ల మీదే. ఒక దినపత్రికలో క్రీడల పేజీ చూస్తాను. వార్త ఇంగ్లీషులో వస్తుంది. ఇంగ్లీషు "టి"ని మన చెయ్యి ట అనే రాస్తుంది, ఆలోచించదు. ఇటలీవాళ్ళకు, ఫ్రెంచివాళ్ళకు, స్పానిష్‌వాళ్ళకు, రష్యన్లకు, జపాన్‌వాళ్ళకు ఉన్నది పళ్ళకు తగిలే త లాంటిదే. ట మన దగ్గర పుష్కలంగా ఉంది కదా అని అందరికీ పంచిపెట్టాం. టొయోటా జపనీస్‌లో "తొయొత". మూడూ పొట్టి అచ్చులు, మన ఒ అచ్చంగా సరిపోతుంది. టోక్యో "తోక్యో". రష్యాలో టాల్‌స్టాయ్‌కి ట తగిలించాం, పుతిన్‌కు ఎందుకో త దక్కింది. ఇద్దరిదీ ఒకే భాష, ఒకే అక్షరం.

ఇక నా బాధ. పోలెండ్ టెన్నిస్ అమ్మాయి ఇగా 2020లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన రోజు, ఆమె ఇంటి పేరు ఎలా పలుకుతారో వెతికి విన్నాను. "శ్ఫ్యొన్‌తెక్" లాగా ఉంది. మొదటి అక్షరం మన శ. అక్షరాలా మన శంఖంలోని శ. మురిసిపోయి అలాగే రాశాను. ఇన్‌చార్జి పిలిచి, "ఎవరీమె? స్వియాటెక్ వార్త ఏమైంది?" అన్నారు. తిరిగి స్వియాటెక్ చేశాను. పాఠకుడు గుర్తుపట్టాలి కదా అన్నది ఆయన వాదన. అందులో న్యాయం లేకపోలేదు. కానీ పేరు మొదటిసారి వచ్చిన రోజున ఎవరో ఒకరు శ్రద్ధ పెట్టి ఉంటే పాఠకుడు ఆ అసలు పేరునే గుర్తుపట్టేవాడు.

అందుకే మేష్టారూ, మీరు అదృష్టవంతులు. మీ పేర్లవాళ్ళు మీ ఆవరణలోనే తిరుగుతున్నారు. వెళ్ళి అడగండి.

చైనాలో చదివొచ్చాను (బుధవారం, మధ్యాహ్నం 2:10)

డెస్కు గారి మాటకు ఒక తోక. నేను వైద్యం చైనాలో చదివాను. 2014లో చైనా అధ్యక్షుడు మన దేశానికి వచ్చినప్పుడు, ఒక టీవీలో ఆయన పేరులోని ఎక్స్-ఐని రోమన్ అంకె అనుకుని "ఎలెవెన్ జిన్‌పింగ్" అని చదివేశారు. చదివినవారి ఉద్యోగం పోయింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే మొదటి నెలంతా మా ప్రొఫెసర్ల పేర్లను నేను అంతకంటే ఘోరంగా పిలిచాను.

చైనా పేర్లను రాసే ఇంగ్లీషు అక్షరాలకు ఇంగ్లీషు విలువలు ఉండవు. ఎక్స్ అంటే శ. క్యూ అంటే గాలి ఊదుతూ పలికే ఛ. బి అని రాసింది మన ప. డి అని రాసింది మన త. జె అని రాసింది మన చ. అంటే వాళ్ళ రాజధానిని వాళ్ళు పలికేది దాదాపు "పెయ్‌చింగ్". ఇంగ్లీషువాడికి కష్టం, మనకు కాదు. జెడ్ అని రాసింది చలి, చుక్క అన్నప్పుడు మన నోట వచ్చే ౘ. ఈ లెక్కన మన పాత పుస్తకాల్లోని "మావో త్సే టుంగ్", ఇప్పుడు రాస్తున్న "జెడాంగ్" కంటే అసలుకు చాలా దగ్గర. ముందుకు వెళ్ళామనుకుంటూ వెనక్కి వచ్చాం.

ఇక కొచ్చి గారి జెడ్-హెచ్. చైనా పేర్లలో అదే జెడ్-హెచ్ కనిపిస్తే, నాలుక వెనక్కి తిప్పి పలికే ఒక రకం చ. తమిళంలో ఴ. రష్యన్ పేర్లలో ఇంకొకటి. రెండే అక్షరాలు, మనిషి ఏ ఊరివాడో తెలిస్తే తప్ప చదవలేం.

ధ్వని (బుధవారం, సాయంత్రం 5:45)

మాటలు సరిగా రాని పిల్లలకు ఉచ్చారణ నేర్పడం నా వృత్తి. మేష్టారికి పనికొచ్చే రెండు మూడు మాటలు.

ఴ కోసం: ర అనబోతున్నట్టు నోరు పెట్టి, నాలుక కొనను వెనక్కి మడవండి. పై అంగిలికి తగలనివ్వకండి. తగిలితే ళ అవుతుంది. తగలకుండా అలాగే గొంతు తెరిచి పలకండి.

వియత్నాం అబ్బాయి ఇంటి పేరు ఎన్-జి-యు-వై-ఇ-ఎన్ అయి ఉంటుందని నా ఊహ. అక్కడ ప్రతి పదిమందిలో ముగ్గురు నలుగురిది అదే. దాన్ని "ఎన్-గుయెన్" అని రెండు ముక్కలు చేయకండి. "వాఙ్మయం" అని నిదానంగా అనండి. ఙ్ దగ్గర ఆగండి. ఆ ఙ్‌తోనే మొదలుపెట్టి "ఙ్వియెన్" అనండి, ఒకే గుక్కలో. అమెరికాలో చాలామంది "విన్" అని సరిపెట్టుకుంటారు. మనకు ఙ ఉంది కాబట్టి సరిపెట్టుకోనక్కర్లేదు. మరొక సంగతి, వాళ్ళకూ మనలాగే ఇంటి పేరు ముందు, సొంత పేరు చివర. పలకరించేటప్పుడు ఆ చివరి పేరుతోనే పలకరిస్తారు.

వినపడకపోవడం గురించి కూడా చెప్పాలి. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని పసిపిల్లలకు హిందీ త, ట వినిపించి చూశారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పట్టుకున్నారు. పది పన్నెండు నెలలకు వచ్చేసరికి చాలామందికి ఆ తేడా వినపడడం మానేసింది. తమ ఇంట్లో అవసరం లేని తేడాను చెవి వదిలేసుకుంటుంది. కాబట్టి అమెరికా మనిషి "లలిత"ను "లలిట" అంటే అది పొగరు కాదు. అతనికి రెండూ ఒకటే. మన సంగతి వేరు. మనకు రెండూ వినిపిస్తాయి, అయినా తెండుల్‌కర్‌ను దిద్దుకోలేదు.

డల్లాస్ నుంచి (బుధవారం, రాత్రి 8:30)

ధ్వని గారూ, పొగరు కాదని నాకూ తెలుసండీ. కానీ ఇంట్లో ఏడేళ్ళ పిల్ల ఉంటే ఆ మాట అంత సులువుగా నోట రాదు.

నా పేరు ఫణి. ఇక్కడ పి-హెచ్ అంటే పెదవి కొరికే ఎఫ్. ఆ తర్వాత వచ్చే పలుకు ఏమిటో ఇక్కడ రాయను, ఆడవాళ్ళు కూడా చదివే చోటు. ఆఫీసులో నవ్వి ఊరుకున్నాను. మా అమ్మాయి పేరు జ్ఞాపిక. మా అమ్మ పెట్టింది. బడిలో కొత్త టీచరు వచ్చిన రోజు ఏం జరుగుతుందో పిల్ల నాకు చెప్పింది. టీచరు హాజరు పిలుస్తూ పిలుస్తూ ఒకచోట ఆగుతుందట. కనుబొమలు ముడిపడతాయట. "ఆగిందంటే నేనేనని తెలుస్తుంది నాన్నా, పిలవకముందే చెయ్యి ఎత్తేస్తాను" అంది. చాలా మామూలుగా చెప్పింది, హోంవర్కు సంగతి చెప్పినట్టు.

ఆ ఆగడమే ఇప్పుడు దాని పేరు అయింది.

అందుకే ఛందోబద్ధం గారి మాట నాకు మింగుడు పడలేదు. మా జ్ఞాపికకు ఇక్కడ నేర్పింది "గ్యాపిక". సగం జ్ఞ పోయింది. అది మేము ఒప్పుకుని, పిల్ల ఒప్పుకుని పెట్టుకున్న రూపం. రేపు ఎవరైనా పండితుడు వచ్చి తప్పు అంటే పిల్ల వైపే నిలబడతాను.

ఛందోబద్ధం (బుధవారం, రాత్రి 9:15)

ఫణి గారూ, పిల్ల సంగతి చదివి కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. పుణె గారి ప్రశ్నకు కూడా నిజాయితీగా జవాబు చెప్పాలి. ఇప్పుడే నాలుగుసార్లు పలికి చూసుకున్నాను. నేను కూడా "గ్న్య" అనే అంటున్నాను.

మరి బెంగాలీల విషయంలో ఏం చేస్తారు? వాళ్ళు లక్ష్మిని "లొక్ఖి" అంటారు. వేదిక మీద మేష్టారు లొక్ఖి అంటే మనవాళ్ళు నవ్వరా?

మైకు మేష్టారు (బుధవారం, రాత్రి 9:40)

నా జాబితాలో సౌమ్యజిత్ ఉన్నాడు. ఈ మధ్యాహ్నం కారిడార్లో పట్టుకుని అడిగాను. "శౌమ్మొజిత్" అన్నాడు. నేను చెప్పి చూశాను. "సార్, మీరు సౌమ్యజిత్ అనండి, నాకు అదీ నచ్చుతుంది, మీరు శౌమ్మొ అంటే మా అమ్మ గొంతు అనుకరిస్తున్నట్టు ఉంది" అన్నాడు. అంటే అడిగితేనే తెలిసింది, ఒకరికి కావలసింది ఇంకొకరికి అక్కర్లేదని.

అస్సాం అబ్బాయి ఇంటి పేరు సైకియా. వాళ్ళ నోట ఆ స దాదాపు "ఖ" అట, "ఖొయికియా" లాగా. నేను పలికితే తల అడ్డంగా ఊపాడు.

మూసీ ఒడ్డున (బుధవారం, రాత్రి 10:20)

మేష్టారూ, మీరు మన ఖరము ఖ అని ఉంటారు. వాళ్ళది ఉర్దూ "ఖబర్"లోని ఖ, గొంతు గీసుకుంటూ వచ్చేది. పాతబస్తీలో ఒక పూట టీ తాగితే వచ్చేస్తుంది. మేము ఖాఫ్ అనే అక్షరాన్ని కూడా ఆ ఖగానే పలుకుతాం. ఉత్తరాదివాళ్ళు ఖాదిర్ అనరు, గొంతు అడుగు నుంచి "క" అంటారు. తెలుగులో ఖాదర్, ఖాసిం అని రాయడం దక్కనీ నోటి ముద్ర. ఉత్తరాది చుట్టాలు నవ్వుతారు, మేము మానం.

అయితే ఇక్కడ నాది కొంచెం ఎదురు మాట. పేరు పాడైతే మనిషి పాడైనట్టేనా? నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ ఉండేవాడు, 1798లో పోయాడు. ఆయన్ను "మస్యో రేమో" అని ఎవరు పిలుస్తారు? ముస్లింలకు మూసా రహీం అయ్యాడు, హిందువులకు మూసారాం అయ్యాడు. ఆ పేరుతోనే మూసారాంబాగ్ ఉంది. రాయలసీమలో కలెక్టర్ మన్రో మీద అభిమానంతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. పేరును వంచడం కూడా ఒక రకం దగ్గరితనం కాదా?

డల్లాస్ నుంచి (బుధవారం, రాత్రి 10:50)

మూసీ గారూ, చక్కగా చెప్పారు. కానీ రేమండ్ వెనక వేల మంది సైన్యం ఉంది. మన్రో కలెక్టరు. వాళ్ళ పేర్లు జనం నోట వంగినా వాళ్ళకు పోయేదేమీ లేదు, హాజరు పట్టీ వాళ్ళ చేతిలోనే ఉంది. మా అమ్మాయి తరగతిలో ఒక్కతే.

మూసీ ఒడ్డున (బుధవారం, రాత్రి 10:58)

ఒప్పుకున్నాను. ఎవరు ఎవరి పేరు వంచుతున్నారన్నది చూసుకోలేదు.

పేతురు మనవడు (గురువారం, ఉదయం 7:30)

రాత్రంతా మీ చర్చ చదివాను. మా తాత పేరు పేతురు. గుంటూరు జిల్లా. పల్లెలో అందరికీ పేతురయ్య. బడి రికార్డులో ఎవరో "పీటర్" అని రాశారు. మా నాన్న పట్నంలో తన తండ్రి పేరు పీటర్ అనే చెప్పుకునేవాడు, అదే అసలు పేరనీ, పేతురు పల్లెటూరి వంకర అనీ అనుకుని.

నేను పెద్దయ్యాక గ్రీకు మూలం చూశాను. పెత్రోస్. త. తెలుగు బైబిలులో పేర్లను ఇంగ్లీషు నోటితో రాయలేదు. జాన్ కాదు, యోహాను. జేమ్స్ కాదు, యాకోబు. మాథ్యూ కాదు, మత్తయి. పాల్ కాదు, పౌలు. మూలభాష రూపానికి దగ్గరగా ఉంచి, చివర మన అచ్చు తగిలించారు. వంకరగా ఉన్నది పీటరే, మా తాత కాదు. ఈ సంగతి చెప్పేనాటికి నాన్న లేడు.

డెస్కు గారు "మొదటిరోజు ఎవరైనా శ్రద్ధ పెట్టి ఉంటే" అన్నారు. ఒకసారి పెట్టారండీ.

డెస్కులో రాత్రులు (గురువారం, ఉదయం 11:00)

పేతురు మనవడు గారూ, మీ పోస్టును మా ఇన్‌చార్జికి పంపాను. ఇంకా జవాబు రాలేదు. చదివినట్టు మాత్రం గుర్తు పడింది.

కొత్తగా చేరాను (గురువారం, మధ్యాహ్నం 12:15)

ఇథియోపియావాళ్ళ గురించి ఎవరూ చెప్పలేదు. విశాఖలో నా గదిలో రెండేళ్ళు ఇథియోపియా అబ్బాయి ఉండేవాడు. వాళ్ళకు ఇంటి పేరు ఉండదు. రెండో పేరు తండ్రిది. మా కార్యాలయంలో అతన్ని ఎప్పుడూ రెండో పేరుతో పిలిచేవారు. "మా నాన్నను పిలుస్తున్నారు, ఆయన ఇక్కడ లేడు" అనేవాడు నవ్వుతూ. మేష్టారూ, మొదటి పేరు మీద బరువు వేసి చదవండి.

మైకు మేష్టారు (గురువారం, సాయంత్రం 6:10)

చాలా సంతోషం. ఏం చేశానో చెబుతాను. పై రాష్ట్రాల, పై దేశాల విద్యార్థులు 74 మంది. అందరికీ ఒక సందేశం పంపాను: "మీ పేరును మీ ఇంట్లో ఎలా పిలుస్తారో అలా పలికి ఫోనులో రికార్డు చేసి పంపండి, వేదిక మీద ఎలా వినాలనుందో కూడా చెప్పండి." రాత్రికల్లా 61 వచ్చాయి. ఒక రికార్డులో పేరు కంటే ముందు వెనకాల కుక్కరు కూత వినిపించింది. ఇంకో దాంట్లో పిల్లవాడు కాదు, వాళ్ళ నానమ్మ పలికింది.

ఒక్కొక్కటీ విని తెలుగు అక్షరాల్లో రాసుకుంటున్నాను. ఴ, ఙ, ఞ, ౘ అన్నీ వాడుతున్నాను. మా ముద్రణ విభాగం కుర్రాడు "సార్, ఇవేం భాష?" అన్నాడు.

ముగ్గురు ప్రజ్ఞల్లో ఇద్దరు తమ తమ రూపమే కావాలన్నారు. మూడో అమ్మాయి, జె-ఎన్ అమ్మాయి, మనమ్మాయే, నిజామాబాదు. ఆమెను అడగాల్సిన పని పడలేదు.

ధ్వని (గురువారం, సాయంత్రం 6:30)

తక్కిన 238 మంది సంగతి?

మైకు మేష్టారు (గురువారం, సాయంత్రం 6:33)

వాళ్ళు మనవాళ్ళే కదండీ.

మైకు మేష్టారు (ఆదివారం, ఉదయం 8:20)

వేడుక అయింది. చెప్పాలి కాబట్టి అంతా చెబుతాను.

ఙ్వియెన్ బాగా వచ్చింది. అబ్బాయి మెట్ల మీద ఒక క్షణం ఆగి, చేతులు జోడించాడు. ఇద్దరు ఇథియోపియావాళ్ళకూ వాళ్ళ పేర్లే వచ్చాయి, వాళ్ళ నాన్నలవి కాదు. ఈసారి కూడా జెడ్-హెచ్ పేరు ఒకటి పడింది, తమిఴ్‌సెల్వి. నాలుక వెనక్కి మడిచి మూడు రోజులు సాధన చేశాను. సరిగ్గా వచ్చిందో లేదో నాకు తెలియదు, కానీ నేను పలకడం పూర్తికాకముందే పిల్ల నడక మొదలుపెట్టింది.

ఆ ఊపులో ఉండగా వచ్చింది విజయనగరం అబ్బాయి పేరు. ఇంగ్లీషు అక్షరాల్లో ఇంటి పేరు పి-ఎ-డి-ఎ-ఎల్-ఎ. నేను రికార్డు తెప్పించుకోలేదు. మనవాడే కదా. మైకులో నిబ్బరంగా "పాదాల" అన్నాను.

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. అబ్బాయి వేదిక మధ్యలో తన కాళ్ళ వంక చూసుకున్నాడు, అది చూసి ఇంకా నవ్వారు. తర్వాత వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. "పడాల అండి. బ్యాంకులో కూడా ఇదే. వాళ్ళు ఒకసారి పదాల అన్నారు, ఇంకోసారి పాడాల అన్నారు. పాదాల మాత్రం మీరే మొదలు" అన్నారు.

పుణె మజిలీ (ఆదివారం, ఉదయం 8:41)

ఇంగ్లీషు జాబితాకు తెలుగువాడైనా ఒకటే, వియత్నాంవాడైనా ఒకటే అన్నమాట.

డల్లాస్ నుంచి (ఆదివారం, ఉదయం 8:55)

అబ్బాయిని మళ్ళీ సరిగ్గా పిలిచారా మేష్టారూ?

మైకు మేష్టారు (ఆదివారం, ఉదయం 9:02)

పిలిచానండి. అందరి పేర్లూ అయ్యాక, మైకు కట్టేయకముందు. "పడాల" అని, డ మీద నొక్కి. అతను వెనక వరుసలో లేచి నిలబడి చెయ్యి ఎత్తాడు.